పౌర విమానయాన విధాన సమీక్ష: రేణిగుంటకు అంతర్జాతీయ హోదా ఉంది, విదేశాలకు విమానం ఎందుకు లేదు?

రేణిగుంట వాసి (చర్చ ప్రారంభించినవారు)

జాతీయ పౌర విమానయాన విధానాన్ని కేంద్ర మంత్రివర్గం 2016 జూన్ 15న ఆమోదించింది. అప్పుడు ఆ శాఖను చూసినవారు విజయనగరానికి చెందిన అశోక్ గజపతిరాజు గారు, ఇప్పుడు చూస్తున్నవారు శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు. ఈ మధ్యకాలంలో జెట్ ఎయిర్‌వేస్ 2019లోనూ, గో ఫస్ట్ 2023లోనూ ఆగిపోయాయి. ఎయిరిండియా 2022 జనవరిలో టాటాల చేతికి వెళ్లింది. 1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. చట్టమే మారిన తర్వాత విధానం పాతదే పట్టుకుని కూర్చోవడంలో అర్థం లేదు కనుక, ప్రభుత్వం దీన్ని సమీక్షించేటప్పుడు తిరుపతి, చిత్తూరు జిల్లాల తరఫున ఏమి అడగాలో ఇక్కడ తేల్చుకుని, శాఖకు ఒక వినతిపత్రం పంపుదామన్నది నా ఆలోచన.

నా ప్రశ్న ఒక్కటే. రేణిగుంటలోని తిరుపతి విమానాశ్రయంలో గరుడ టెర్మినల్‌ను ప్రధాని 2015 అక్టోబరు 22న, అమరావతి శంకుస్థాపన జరిగిన రోజే, ప్రారంభించారు. 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది. అయినా నిత్యం నడిచే విదేశీ సర్వీసు ఒక్కటీ ఇంతవరకు మొదలుకాలేదు. ఇందులో లోపం విధానానిదా, విమాన సంస్థలదా, మన దగ్గర గిరాకీ లేకపోవడమా? ఏ పార్టీ ఏమి చేసిందన్న వాదనను దయచేసి ఇక్కడికి తీసుకురావద్దు.

ట్రావెల్స్ నిర్వాహకుడు, తిరుపతి

నాకు కనిపించే కారణాలు రెండు. రన్‌వే పొడవు 2,286 మీటర్లే కావడంతో దాన్ని 3,810 మీటర్లకు పొడిగించే పని చేపట్టవలసి వచ్చింది. అది మొదటిది. రెండోది మన యాత్రికుడి స్వభావం. కొండకు వచ్చేవారిలో అత్యధికులు రైలులోనో బస్సులోనో వస్తారు. విమానంలో వచ్చేవారు కూడా ఉదయం దిగి, దర్శనం చేసుకుని, మరునాడు వెళ్లిపోయేవారే. వారంలో అన్ని రోజులూ ఒకే తీరున సీట్లు నిండాలని విమాన సంస్థలు కోరుకుంటాయి. మనకు వారాంతంలో రద్దీ, మంగళ బుధవారాల్లో ఖాళీ. పైగా 130 కిలోమీటర్ల దూరంలో చెన్నై ఉండగా రేణిగుంటకు ఎవరు వస్తారు?

విశ్రాంత విమానాశ్రయ ఉద్యోగి

ట్రావెల్స్ నిర్వాహకుల వారు చెప్పిన గిరాకీ మాట కొంత నిజమే కానీ, రన్‌వే మాటను నేను ఒప్పుకోను. మంగళూరు రన్‌వే 2,450 మీటర్లు. అదీ కొండ మీద చదును చేసి కట్టినది. అక్కడి నుంచి గల్ఫ్‌కు ఏళ్ల తరబడి విమానాలు నడుస్తున్నాయి. కువైట్, దుబాయ్‌లకు వెళ్లేవి ఏ320, 737 రకం మధ్యస్థ విమానాలు. పొడవైన రన్‌వే ప్రధానంగా అవసరమయ్యేది యూరప్, అమెరికాలకు ఎగిరే భారీ విమానాలకు. రన్‌వే పూర్తయ్యేదాకా ఆగుదామన్న మాట మనకు మనమే చెప్పుకునే సాకు.

అసలు ముడి ద్వైపాక్షిక ఒప్పందాల్లో ఉంది. ఒక దేశపు విమాన సంస్థ మరో దేశానికి వారానికి ఎన్ని సీట్లు నడపవచ్చు, ఏయే ఊళ్లలో దిగవచ్చు అన్నది రెండు ప్రభుత్వాలు రాసుకుంటాయి. అలా రాసిన ఊరిని ‘పాయింట్ ఆఫ్ కాల్’ అంటారు. తిరుపతి ఆ పట్టికలో లేకపోతే, టెర్మినల్ మీద అంతర్జాతీయ విమానాశ్రయమని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, కువైట్ ఎయిర్‌వేస్ లాంటి విదేశీ సంస్థ ఇక్కడ దిగలేదు. కేరళలో కన్నూరు వారు ఈ ఒక్క అనుమతి కోసమే ఏళ్లుగా పోరాడుతున్నారు.

2016 విధానం సార్క్ కూటమిలోని దక్షిణాసియా దేశాలతోనూ, ఢిల్లీ నుంచి 5,000 కిలోమీటర్లకు అవతల ఉన్న దేశాలతోనూ, పరస్పర పద్ధతిలో, సీట్ల పరిమితి లేని ఒప్పందాలు చేసుకోవచ్చని చెప్పింది. గల్ఫ్ దేశాలన్నీ ఆ 5,000 కిలోమీటర్ల గీతకు ఇవతలే ఉన్నాయి. మన దేశపు సంస్థలను గల్ఫ్ సంస్థల పోటీ నుంచి కాపాడటానికే ఆ గీత గీశారు. కాపాడవద్దని నేను అనను. అయితే రాయలసీమ నుంచి వెళ్లేవారిలో ఎక్కువమంది ఆ గీతకు ఇవతలి దేశాలకే వెళ్తారన్న సంగతి ఎవరో ఒకరు ఢిల్లీకి చెప్పాలి.

పీలేరు ప్రవాసి

నేను కువైట్ నుంచి రాస్తున్నాను. పీలేరు, కలికిరి, వాయల్పాడు, రాయచోటి, రాజంపేట ప్రాంతాల వారు ఇక్కడ ఎందరున్నారో, సాల్మియాలో గానీ ఫర్వానియాలో గానీ శుక్రవారం సాయంత్రం ఒకసారి నడిస్తే అర్థమవుతుంది. చెన్నైలో విమానం తెల్లవారుజామున ఉంటే మేము ముందురోజు మధ్యాహ్నమే ఊరిలో బయలుదేరతాము. నలుగురైదుగురు కలిసి ఒక బండి మాట్లాడుకుంటారు. ఆ బండిలో సగం చోటు అట్టపెట్టెలకే సరిపోతుంది. ప్రతి పెట్టెకూ గోధుమరంగు టేపు అడ్డంగా నిలువుగా చుట్టి, పేరు, సివిల్ ఐడీ మీది చిరునామా, ఫోను నంబరు మార్కర్‌తో రాసి ఉంటాయి. లోపల చింతకాయ పచ్చడి, చెనక్కాయలు, రాగిపిండి. ఆ బండి రేణిగుంట విమానాశ్రయం దాపునే దాటి పోతుంది.

ట్రావెల్స్ అన్నగారికి నా మనవి ఏమంటే, గిరాకీని కొండకు వచ్చే యాత్రికులతో మాత్రమే కొలవవద్దు. మాకు మంగళవారమైనా ఆదివారమైనా ఒకటే.

రేణిగుంట వాసి

విదేశీ సంస్థలకు అనుమతి లేదన్నారు, సరే. మన దేశపు సంస్థలు రేణిగుంట నుంచి కువైట్‌కు నడపడానికి అడ్డేమిటి?

విశ్రాంత విమానాశ్రయ ఉద్యోగి

సూత్రప్రాయంగా అడ్డేమీ లేదు. భారత్ వైపు ఉన్న కోటాను వాడుకుంటూ ఇక్కడి సంస్థ ఏ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచైనా బయలుదేరవచ్చు. ఇబ్బంది ఆ కోటా పరిమాణంలో ఉంది. కువైట్‌తో వారానికి 12,000 సీట్లన్న హద్దు సుమారు 18 ఏళ్లు కదలలేదు, 2025 జూలైలో 18,000కు పెరిగింది. సీట్లు అరుదుగా దొరికే సరుకైనప్పుడు సంస్థ వాటిని ముంబై, కొచ్చి, హైదరాబాదులలో వాడుకుంటుందే తప్ప, కొత్త ఊరిలో పరీక్షకు పెట్టదు. కోటా పెరిగిన ప్రతిసారీ కొత్త సీట్లలో ఒక వాటాను, హోదా ఉండి విమానం లేని విమానాశ్రయాలకు ముందుగా కేటాయించాలని, నిర్ణీత గడువులోగా ఎవరూ వాడుకోకపోతేనే మిగతా ఊళ్లకు మళ్లించాలని విధానంలో రాయించగలిగితే, మన వినతిపత్రం మొత్తంలో పనికొచ్చే వాక్యం అదే అవుతుంది.

ఇంకొకటి. పాత విధానంలో అయిదేళ్ల అనుభవం, 20 విమానాలు ఉంటేనే విదేశాలకు వెళ్లనిచ్చేవారు. 2016లో అనుభవం షరతు తీసేసి, 20 విమానాలను లేదా మొత్తం సామర్థ్యంలో 20 శాతాన్ని, ఏది ఎక్కువైతే దాన్ని, దేశంలో నడపాలన్నారు. ఆకాశా ఎయిర్ ఆ సంఖ్యకు చేరాకే 2024 మార్చిలో దోహాకు ఎగిరింది. పెద్ద పెట్టుబడి ఉన్నవారికి ఇది చిన్న మెట్టు. విజయవాడ కేంద్రంగా నడిచిన ఎయిర్ కోస్టా, హైదరాబాదు–తిరుపతి మార్గంతో 2015 జూలైలో ప్రయాణం మొదలుపెట్టిన ట్రూజెట్ వంటి ప్రాంతీయ సంస్థలకు మాత్రం ఎన్నటికీ అందని మెట్టు. ఇలాంటి చిన్న మార్గాలకు వాడే ప్రొపెల్లర్ విమానం ఏటీఆర్ కువైట్ దాకా చేరజాలదు, నిజమే. కొలంబో చేరుతుంది. రేణిగుంట నుంచి కొలంబోకు గగనమార్గంలో 700 కిలోమీటర్లకు కొంచెం పైన. శ్రీలంక నుంచి శ్రీవారి దర్శనానికి వచ్చేవారు ఎప్పుడూ ఉన్నారు, సార్క్ దేశం కాబట్టి సీట్ల గొడవా లేదు. అయినా ఏటీఆర్ నడిపే చిన్న సంస్థకు 20 విమానాల షరతు అడ్డం వస్తుంది.

అన్నిటికన్నా వింతైన సంగతి మరొకటి చెప్పి ఆపుతాను. ఆగ్నేయాసియా దేశాల సంస్థలు పరిమితి లేకుండా దిగడానికి మన ప్రభుత్వం ఎప్పుడో 18 ఊళ్లను ఎంపిక చేసింది. అందులో గయ, వారణాసి, ఖజురహో, తిరుచిరాపల్లి, విశాఖపట్నం ఉన్నాయి. తిరుపతి లేదు.

పన్ను చెల్లింపుదారు, చిత్తూరు

ఇదంతా చదివాక నాకొక సందేహం. చిత్తూరు నుంచి బెంగళూరు విమానాశ్రయానికైనా చెన్నైకైనా మూడు నాలుగు గంటల్లో వెళ్లగలము. అలాంటప్పుడు విమాన సంస్థలకు రాయితీలిచ్చి, లోటు పూడ్చి, ఇంటి ముందుకు విమానం తెప్పించుకోవాలన్న కోరిక న్యాయమేనా? చిన్న ఊళ్లకు విమానాలు నడిపితే రాయితీ ఇచ్చే ఉడాన్ పథకం పేరుతో జరిగింది చూశాము. కాగ్ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం మూడో విడత దాకా కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ల రాయితీ గడువు పూర్తి చేసినవి 112, ఆ గడువు దాటాక 2023 మార్చి నాటికి నిలిచినవి 54. అదే డబ్బును మదనపల్లె రోడ్డుకు పెట్టి ఉంటే అందరూ తిరిగేవారు.

రాజంపేట చూపు

పన్ను చెల్లింపుదారు గారు చెప్పిన అంకెలతో నాకు పేచీ లేదు. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో ఉడాన్ తొలి విమానానికి పచ్చజెండా ఊపినప్పుడు, అదే వేదిక నుంచి కడప–హైదరాబాదు మార్గాన్నీ ప్రారంభించారు. కడపలో ఆ రోజు జనం విమానాశ్రయం గోడ వెంబడి నిలబడి చూశారు. నడిపింది ట్రూజెట్. 2022లో ఆ సంస్థే ఆగిపోయింది. కానీ ఇందులో ఒక వివరం మరువకూడదు. ఉడాన్ రాయితీలో 80 శాతం కేంద్రం వాటా, 20 శాతం రాష్ట్రం వాటా. ఆ కేంద్రం వాటా ప్రధానంగా పెద్ద మార్గాల్లో తిరిగే విమానాల మీద వేసిన సుంకం నుంచి వస్తుంది. మదనపల్లె రోడ్డుకు పోవలసిన డబ్బు అది కాదు, ఢిల్లీ–ముంబై ప్రయాణికుడి టికెట్టు నుంచి వచ్చినది.

లోపం మూడేళ్ల గడువులోనే ఉంది. ఒక ఊరివారికి విమానం అలవాటు కావడానికే రెండేళ్లు పడుతుంది. సరిగ్గా అప్పటికి రాయితీ తీసేస్తారు. ఒక్కసారిగా తీసేయకుండా ఏడాదికి కొంత చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. 2025 బడ్జెట్‌లో 120 కొత్త గమ్యాలతో సవరించిన ఉడాన్‌ను ప్రకటించారు. కొత్త ఊళ్ల సంఖ్య పెంచే ముందు, పాత ఊళ్లలో ఎందుకు ఆగిపోయిందో తేల్చాలి.

ట్రావెల్స్ నిర్వాహకుడు, తిరుపతి

రాష్ట్రం పూనుకుంటే ఏమవుతుందో విజయవాడ చూపించింది. 2018 డిసెంబరులో లోటు పూడుస్తామని రాష్ట్ర ప్రభుత్వం మాట ఇచ్చాకే సింగపూర్ విమానం వచ్చింది. 2019లో ఆ మాట ఆగింది, విమానమూ ఆగింది. మళ్లీ 2025 నవంబరుకు గానీ మొదలుకాలేదు. ఇంధనం విషయంలో మన రాష్ట్రం వ్యాట్ 1 శాతమే వసూలు చేస్తోంది, తమిళనాడులో 29 శాతం. ఇంత తేడా ఉన్నా దేశీయ విమానాలు సైతం చెన్నైని వదిలి మన దగ్గరకు రావడం లేదంటే, పన్ను ఒక్కటే వాటిని కదిలించదని తెలుస్తోంది.

విశ్రాంత విమానాశ్రయ ఉద్యోగి

ఇంధనం చౌకైన చోట ట్యాంకు నింపుకుని, ఖరీదైన చోట తక్కువ పోయించుకోవడం పైలట్లకూ డిస్పాచర్లకూ నిత్యకృత్యం. మన తగ్గింపు వల్ల లాభం వారి ఖాతాలో పడుతుంది, మనకు కొత్త విమానం రాదు. విమాన ఇంధనాన్ని జీఎస్టీలోకి తెస్తే దేశమంతా ఒకే రేటు అవుతుంది, అప్పుడు చిన్న రాష్ట్రాలకు ఉన్న ఈ కాస్త మొగ్గు కూడా పోతుంది. కాబట్టి వినతిపత్రంలో ‘జీఎస్టీలోకి తేవాలి’ అని అలవాటుగా రాసేముందు ఆలోచించండి.

చంద్రగిరి న్యాయవాది

ప్రయాణికుల హక్కుల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచిన నిబంధనల రెండో దశ 2025 నవంబరు 1న అమలులోకి వచ్చింది. దానికి తగినంతమంది పైలట్లను సిద్ధం చేసుకోకపోవడంతో డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయ్యాయి. దేశీయ ప్రయాణికుల్లో 60 శాతానికి పైగా ఒకే సంస్థ చేతిలో ఉంటే ఆ సంస్థకు జలుబు చేస్తే దేశానికి జ్వరం వస్తుంది. ప్రభుత్వం అప్పుడు ఛార్జీలకు హద్దులు పెట్టింది. 500 కిలోమీటర్ల లోపు దూరానికి 7,500 రూపాయలు. హైదరాబాదు–తిరుపతి ఆ లోపలే వస్తుంది.

ఇక పరిహారం సంగతి. ముందుగా తెలియజేయకుండా విమానం రద్దు చేస్తే, ప్రయాణ వ్యవధి గంట లోపు ఉంటే 5,000, గంట నుంచి రెండు గంటలైతే 7,500, అంతకు మించితే 10,000 రూపాయలు, లేదా మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, ఏది తక్కువైతే అది ఇవ్వాలని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. ‘అసాధారణ పరిస్థితులు’ అన్న మినహాయింపు కింద సంస్థలు తప్పించుకునే వీలుంది. ఏది అసాధారణమో మొదట చెప్పేది ఆ సంస్థే. తిరుపతికి వచ్చేవారి నష్టం ఈ లెక్కలో ఎక్కడా ఇమడదు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్టు మూడు నెలల ముందు తీసుకోవాలి. దాని మీద తేదీ, సమయం, ఆధార్ పేరు ముద్రించి ఉంటాయి. ఇంకొకరికి మార్చడానికి వీల్లేదు. మా బంధువుల కుటుంబం విమానం రద్దై ఒక రోజు ఆలస్యంగా చేరింది. సంస్థ టికెట్టు డబ్బులు తిరిగి ఇచ్చింది. దర్శనం, గది, తిరుగు ప్రయాణం అన్నీ పోయాయి. ఫిర్యాదుకు వచ్చిన జవాబులో అసాధారణ పరిస్థితులని రెండే మాటలు ఉన్నాయి. ఆ మాటలకు నిర్వచనం నియంత్రణ సంస్థ ఇవ్వాలి, రుజువు చేసే భారం విమాన సంస్థ మీద ఉండాలి.

అయితే నియంత్రించేవారు ఉండాలి కదా. డీజీసీఏలో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీగా ఉన్నాయని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2025 ఆగస్టులో చెప్పింది.

భక్తుడు

తిరుమల ఆలయం మీదుగా విమానాలు ఎగరకుండా నిషేధించాలని కూడా వినతిపత్రంలో చేర్చండి. టీటీడీ అధ్యక్షులు 2025 మార్చిలో కేంద్ర మంత్రికి లేఖ రాశారు.

రేణిగుంట వాసి

భక్తుడు గారూ, దానికి వేరుగా చర్చ నడుస్తోంది. ఇక్కడ విధానం వరకే ఉంచుదాము.

మామిడి రైతు, బంగారుపాళెం

మా తోతాపురి గుజ్జుకు విమానంతో పనిలేదు. అది డ్రమ్ములలో ఓడ ఎక్కుతుంది. బేనీషాకు, అంటే బంగినపల్లికి, మాత్రం పని ఉంది. తిరుపతిలో కేంద్రపు వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా సహాయంతో ఏర్పడిన ప్యాక్‌హౌస్‌లో వేడి ఆవిరితో శుద్ధి చేసిన బంగినపల్లి కాయలు 2021లో దక్షిణ కొరియాకు వెళ్లాయి. ఆవిరిశుద్ధి తిరుపతిలో జరుగుతుంది, రేణిగుంటలో విదేశీ సరుకు ఎత్తే నిత్య విమానం లేదు. శుద్ధి చేసిన కాయ మళ్లీ లారీలో ఎండలో పోతే తొడిమ దగ్గర మెత్తబడుతుంది, ఆ ఒక్క పెట్టెతో మొత్తం సరుకు ధర పడిపోతుంది. వ్యవసాయ సరుకుల విమాన రవాణాకు కృషి ఉడాన్ పథకం అన్నారు. మాకు రాయితీ కన్నా, సీజన్‌లో మే, జూన్ రెండు నెలలు ప్రయాణికుల విమానం కడుపులో కొంత చోటు ఖాయంగా దొరికితే చాలు. గల్ఫ్ విమానం వస్తే ఆ చోటు దానంతట అదే వస్తుంది కాబట్టి నేను పీలేరు అన్న పక్షమే.

కుప్పం పౌరుడు

కుప్పం విమానాశ్రయానికి 2019 జనవరిలో శంకుస్థాపన జరిగింది, ఇప్పుడు మళ్లీ కదలిక వచ్చింది. పాత విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు కొత్తది రాకూడదన్న నిబంధన మాకు అడ్డమంటున్నారు. దీన్ని సమీక్షలో తీసివేయించాలి.

విశ్రాంత విమానాశ్రయ ఉద్యోగి

అక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి. కొత్త విమానాశ్రయాలకు సంబంధించిన గ్రీన్‌ఫీల్డ్ విధానం ప్రకారం 150 కిలోమీటర్ల లోపు కడితే పాత విమానాశ్రయం మీద పడే ప్రభావాన్ని పరిశీలించి కేంద్రం నిర్ణయిస్తుంది. అది పూర్తి నిషేధం కాదు. బెంగళూరు విమానాశ్రయాన్ని కట్టి నడిపే సంస్థతో కేంద్రం చేసుకున్న ఒప్పందం వేరు. ఆ విమానాశ్రయం తెరుచుకున్న 2008 మే నుంచి 25 ఏళ్ల పాటు, 150 కిలోమీటర్ల లోపు, మైసూరు, హాసన్ తప్ప మరో అంతర్జాతీయ విమానాశ్రయం రాకూడదని అందులో ఉంది. అది 2033 దాకా ఉంటుంది. తమిళనాడులోని హోసూరు విమానాశ్రయ ప్రతిపాదనకు తగులుతున్నది అదే. విధానాన్ని ఎంత మార్చినా సంతకం పెట్టిన ఒప్పందం మారదు. కుప్పం దేశీయ సర్వీసులకే అయితే ఆ ఒప్పందం అడ్డు రాదు.

నిజం చెప్పాలంటే, కుప్పం కన్నా నన్ను కలవరపెట్టేది వేరొకటి. ప్రైవేటుకు ఇచ్చే 25 విమానాశ్రయాల జాబితాలో తిరుపతి ఉంది, దాన్ని తిరుచిరాపల్లితో జత చేసి ఒకే సంస్థకు ఇవ్వాలని ప్రతిపాదించారు. తిరుచ్చి నుంచి సింగపూర్, కౌలాలంపూర్, దుబాయ్ విమానాలు ఇప్పటికే ఉన్నాయి. రెండూ ఒకరి చేతిలో ఉన్నప్పుడు కొత్త విదేశీ సర్వీసును ఆ యాజమాన్యం ఏ ఊరికి పిలుస్తుంది? పైగా ఏటా 35 లక్షల మంది ప్రయాణికులు దాటిన వాటిని, లేదా కేంద్రం నోటిఫై చేసిన వాటిని ప్రధాన విమానాశ్రయాలుగా లెక్కించి, వాటి ఛార్జీలను విమానాశ్రయాల ఆర్థిక నియంత్రణ సంస్థ ఏరా నిర్ణయిస్తుంది. తిరుపతి ఆ హద్దుకు చాలా దిగువన ఉంది. జత కట్టాక మన వినియోగ రుసుము ఎవరు, ఏ లెక్కన తేలుస్తారో ఒప్పందానికి ముందే రాయించుకోవాలి.

పన్ను చెల్లింపుదారు, చిత్తూరు

జత కట్టే విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ లోటు పూడ్చమని రాష్ట్రాన్ని అడిగే వాక్యం ఉంటే నా సంతకం ఉండదు.

పీలేరు ప్రవాసి

మాకు ఎవరూ ఏమీ పూడ్చనవసరం లేదు, ఛార్జీ మేమే కట్టుకుంటాము. వారానికి రెండు విమానాలతో మొదలుపెట్టమనండి చాలు.

రేణిగుంట వాసి

ముసాయిదాలో గల్ఫ్ సీట్ల అంశాన్ని ముందు పెడుతున్నాను. వాక్యం ఇలా ఉంటుంది: ‘ద్వైపాక్షిక ఒప్పందాల కింద పెరిగే సీట్లలో ఒక వాటాను, అంతర్జాతీయ హోదా ఉండి నిత్య విదేశీ సర్వీసు లేని విమానాశ్రయాలకు ముందుగా కేటాయించి, గడువులోగా వినియోగం కాని పక్షంలోనే ఇతర విమానాశ్రయాలకు మళ్లించవలెను.’ రాష్ట్ర లోటు భర్తీ గురించి ఏమీ రాయడం లేదు. 20 విమానాల షరతును సార్క్ దేశాల వరకైనా సడలించాలన్నది రెండోది. న్యాయవాది గారు ‘అసాధారణ పరిస్థితులు’ నిర్వచనం తాలూకు పేరా పంపితే మూడోదిగా చేరుస్తాను.

చంద్రగిరి న్యాయవాది

రేపు సాయంత్రానికి పంపుతాను. ‘గడువులోగా’ అన్నచోట ఆరు నెలలని స్పష్టంగా రాయండి. గడువు రాయని నిబంధనను కోర్టులో నిలబెట్టడం కష్టం.

విశ్రాంత విమానాశ్రయ ఉద్యోగి

ఆరు నెలలు చాలవు. వేసవి షెడ్యూలు మార్చి ఆఖరులో, శీతాకాలపు షెడ్యూలు అక్టోబరు ఆఖరులో మారతాయి. ఒక సంస్థ విమానాన్ని సర్దుకోవాలంటే కనీసం రెండు షెడ్యూళ్లు దొరకాలి. ‘రెండు వరుస షెడ్యూళ్లు’ అని రాయండి.